నేల చూసి చెప్పిన ధర

ఆ మేనేజర్ మీద నా కోపం ఇప్పటికీ చల్లారలేదు. చల్లారాలని నాకు కోరికా లేదు.

పెద్ద పెద్ద షాపుల్లో పైకప్పు, దాని కింద వేలాడే లైట్లు, ఏసీ గొట్టాలు తుడవడం మా పని. మొదటి పని వనపర్తిలో ఒక బట్టల షాపులో దొరికింది. నేనూ మా ఆయనా పెద్దమందడి దగ్గరి పల్లెవాళ్లం. అప్పటిదాకా కలుపు తీతకు గుత్త మాట్లాడటమే తెలుసు. గట్టు మీద నిలబడి చేను ఎంతుందో కంటితో చూసి, మొత్తం పనికి కలిపి ఇంత అని ఒక్క మాట చెప్పడమే గుత్త. షాపులోనూ అదే చేశాం. గుమ్మంలో నిలబడి నేలంతా చూసి మాట చెప్పేశాం. తల ఎత్తి పైకి చూడాలన్న జ్ఞానం ఇద్దరిలో ఒక్కరికీ లేకపోయింది. మేనేజర్ బేరమాడకుండా ఒప్పుకున్నాడు. అప్పుడైనా అనుమానం రావలసింది.

ఆ పైకప్పు రెండు అంతస్తుల ఎత్తు. చక్రాల పరంజా అద్దెకు తెద్దామంటే మేం చెప్పిన డబ్బు దానికే చాలదు. నిచ్చెన వేసుకుని కానిచ్చేయమన్నాడు మేనేజర్. మా ఆయన ఎక్కాడు, నేను కింద నిచ్చెన పట్టుకున్నాను. ఒక గంట బాగానే జరిగింది. అంతలో మేనేజర్ వచ్చి, చీర కట్టిన బొమ్మ మీద దుమ్ము పడుతోంది, దాన్ని పక్కకు జరుపు అన్నాడు. ఆయన దిగేదాకా ఆగమన్నాను. చీర ఖరాబైతే నువ్వు కడతావా అని గద్దించాడు. వదిలాను. నాలుగడుగులు వేశానో లేదో నిచ్చెన జారింది.

మా ఆయన తుంటి ఎముక విరిగింది. దవాఖానలో మా అత్త ఏడుస్తూ కూర్చుంటే మేనేజర్ ఆమె ముందు నిలబడి, నేను పక్కనుండగానే అన్నాడు. "నీ కోడలు నిచ్చెన వదిలేసి చీరలు చూస్కుంట నిలబడ్డదమ్మా. నేనేం చెయ్యాలె?"

నేను మొత్తుకున్నాను. ఎవరూ వినలేదు. మా ఆయన అవునని అనలేదు, కాదనీ అనలేదు. అంత ఎత్తున గొట్టం తుడుస్తున్న మనిషికి కింద సంగతి ఏం తెలుస్తుందిలే అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. ఆ తర్వాత ఏ పండక్కి కొత్త చీర కట్టినా ఇంట్లో ఎవరో ఒకరు నిచ్చెన మాట ఎత్తేవాళ్లు. చివరికి కొత్త చీర కట్టడమే మానేశాను. ఆ మేనేజర్ నోటితోనే మా ఆయన చెవిలో నిజం చెప్పించాలి. నాకు అదొక్కటే పట్టుదల.

మా ఆయన మంచం పట్టాక పని నేను ఎత్తుకున్నాను. నాగర్‌కర్నూల్‌లో ఒక పెద్ద షాపు చేశాక నాకు ధర కట్టడం వచ్చింది. ఇప్పుడు ఏ షాపుకు పోయినా ముందు నేల మీద వెల్లకిలా పడుకుంటాను. అమ్మే పిల్లలు నవ్వుతారు, నవ్వనీ. ఎత్తెంత, లైట్లెన్ని, అల్మారాల మధ్య పరంజా చక్రాలు తిరుగుతాయా, కింద ఎంత సరుకు కప్పాలి, ఇవన్నీ పడుకుంటేనే కనిపిస్తాయి. లేచాకే నోరు విప్పుతాను.

పోయిన ఎండాకాలం గద్వాల నుంచి ఫోన్ వచ్చింది. ఏసీ గొట్టాల్లోంచి నల్లటి మసి తెల్లబట్టల మీద రాలుతోందట, రెండు రోజుల్లో యజమాని వస్తున్నాడట. వెళ్లి చూస్తే అదే మేనేజర్. పొట్ట పెరిగింది, అంతే తేడా. నన్ను గుర్తుపట్టలేదు. నాకు ఒళ్లంతా మండింది. పడుకుని చూసి, లేచి, న్యాయమైన ధరకు రెట్టింపు చెప్పాను. ముక్కు పిండి వసూలు చేయడం నాకూ వచ్చు. అంతెందుకని గింజుకున్నాడు.

"మా దిక్కు గుత్త మాట్లాడితే పని ఇచ్చేటాయన గూడ చేను తిరుగుతడు సార్. జర పైకి రండి, చూపిస్త" అన్నాను.

మా పరంజా తెప్పించి నిలబెట్టాను. చక్రాలకు తాళాలు వేశాను. మేనేజర్ నడుముకు బెల్టు నేనే కట్టాను. చచ్చిపోతే నాకేం లాభం, బతికి ఒప్పుకోవాలి. పరంజా పైకి చేరేసరికి రెండు చేతులతో కడ్డీని కరుచుకుని నిలబడ్డాడు. వనపర్తిలో నిచ్చెన మీద నుంచి పడ్డ మనిషి భార్యను నేనేనని అప్పుడు చెప్పాను. ముఖం పాలిపోయింది. మా ఆయనకు ఫోన్ కలిపి స్పీకర్ పెట్టాను. ఆ రోజు ఏం జరిగిందో చెప్తేనే పని మొదలవుతుందన్నాను.

ఒకసారి కిందికి చూసి చెప్పాడు. "బొమ్మ జరపమని నేనే పిలిచిన. ఆమె తప్పేం లేదు."

ఎన్నేళ్లుగానో ఎదురుచూసిన మాట. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"నాకు తెల్సు. పైన ఉండి అంత విన్న" అన్నాడు అవతల నుంచి మా ఆయన.

మేనేజర్ నా వైపు చూడకుండా మిగతాది చెప్పాడు. తప్పు నాదేనని రాసిన కాగితం మీద మా ఆయన సంతకం పెట్టాడట, పెట్టాకే షాపువాళ్లు దవాఖాన బిల్లు కట్టారట. ఆ బిల్లు పుణ్యాత్ముడెవరో కట్టాడని మా ఆయన అప్పట్లో నాకు చెప్పాడు.

"కాయిదం మీద పెట్టినవ్, సరే. ఇంట్ల నాకెందుకు చెప్పలే?" అని అడిగాను.

"నువ్వు లొల్లి చేస్తే బిల్లు వాపసు అడుగుతరని భయపడ్డ. తర్వాత గట్లనే అలవాటైపోయింది" అన్నాడు.

పైసా తగ్గించకుండా ఆ పని పూర్తి చేశాను. ఇంటికి పోయేసరికి మా అత్త వాకిట్లో బియ్యం ఏరుతోంది. మా ఆయన కూర్చున్న కుర్చీని ఆమె ముందుకు లాగి, చెప్పు అన్నాను. తల దించుకుని చెప్పాడు. అత్త చేట పక్కన పెట్టి, ఎప్పుడో అయిపోయిన ముచ్చట, ఇప్పుడెందుకు బిడ్డా అంది. ఎవరికి అయిపోయిందో ఆమెకే తెలియాలి.

ఆ వారమే గద్వాలలో గది తీసుకున్నాను. ఆయన మందులు నెలనెలా కొని బస్సులో పంపిస్తున్నాను. అందాయని చెప్పడానికి ఆయన ఫోన్ చేస్తాడు. ఎత్తను.