ఫిట్ అని రాసిన కాగితం

మల్లేశం బావ ఇక లేడు.

నిన్న పొద్దున సిరిసిల్ల హాస్పిటల్ నుంచి అక్క ఫోన్ చేసి, "తమ్మీ, మీ బావ పోయిండురా" అంది. రెండు రోజుల్లో డిశ్చార్జ్ చేస్తామని మొన్ననే చెప్పారు. ఇంకా నమ్మబుద్ధి కావడం లేదు.

మీలో చాలామందికి ఆయన రాయికల్ మిలిటరీ మల్లేశం.

సర్వీస్‌లో ఉండగా మంచు కొండల మీద ట్రక్కు జారి నడుం దెబ్బతింది. నెలల తరబడి మిలిటరీ హాస్పిటల్‌లో ఉన్నాడు. ఆ పేపర్స్, ఎక్స్‌రేలు అన్నీ ట్రంకుపెట్టెలో పెట్టుకుని ఇంటికొచ్చాడు.

ఇక్కడ బోర్లు ఎండిపోయాయి. వరి పోయింది. ఇంకేముంది, మనవాళ్లందరి దారే, గల్ఫ్. మాజీ సైనికుడంటే సెక్యూరిటీ జాబ్ ఈజీగా వస్తుంది. మెడికల్ పాసైతే చాలు.

జగిత్యాల ఏజెంట్ మాటలు అక్క ఇప్పటికీ మర్చిపోలేదు. "నడుం నొప్పి ముచ్చటే ఎత్తకు. గా కాగితాలు ఎవ్వలన్న చూస్తే వీసా రాదు."

బావ ఆ రోజే అన్నీ పొయ్యిలో పెట్టాడు. ఎక్స్‌రేలు కాలి ఇల్లంతా కంపు. అక్క అడ్డం పోతే, "గివి ఉంటే మనకు బువ్వ పుట్టదే" అన్నాడు.

ఆ తర్వాత రోజూ వాకిట్లో వంగి కాలివేళ్లు ముట్టుకోవడం ప్రాక్టీస్ చేశాడు. కళ్లలో నీళ్లు, మొహం మీద నవ్వు.

మెడికల్‌లో ఫిట్.

అక్కడ ఎండలో గేటు దగ్గర నిలబడి నిలబడి, నొప్పి మాత్రలు మింగి మింగి, కిడ్నీలు పాడుచేసుకుని వచ్చాడు.

అప్పుడు డిజెబిలిటీ పెన్షన్‌కి అప్లై చేశాం. ట్రీట్‌మెంట్ పేపర్స్ ఏవన్నారు. యూనిట్‌కి రాస్తే పాత రికార్డు దొరకలేదన్నారు. ఆఫీసులో సారు మా ఫైల్‌లోంచే గల్ఫ్ మెడికల్ కాగితం తీసి, "మీరు ఫిట్ కదా" అన్నాడు.

బయటికొచ్చాక బావ, "నా నడుం నేనే కాలవెట్టుకున్న బావమర్ది" అన్నాడు.

నాకు బావ మీద కోపం లేదు. దేశం కోసం నడుం విరగ్గొట్టుకున్న మనిషి, బువ్వ కోసం ఆ సంగతే దాచుకోవాల్సి వచ్చింది. ఒళ్లు మండుతోంది నాకు.

కోరుట్ల, జగిత్యాల దిక్కు మిలిటరీ నుంచి వచ్చిన అన్నలూ, ఏ ఏజెంట్ ఏం చెప్పినా కాగితాలు కాల్చకండి. మీ ఇంట్లో భయమైతే చెల్లె ఇంట్లో దాచండి.

ఇక ఎవరి ముందూ నిటారుగా నిలబడే పని లేదు బావా.

నడుం వాల్చు. నొప్పి లేని నిద్ర పట్టాలి నీకు.