నాన్న జాకెట్టు అసలుదేనా?

అనకాపల్లి ఉక్కలో తోలు జాకెట్టు ఎవరు వేసుకుంటారు? మా నాన్న వేసుకునేవారు, చలికాలం పొద్దున్నే పాలకు వెళ్లేటప్పుడు. వాయుసేన సరుకు విమానాల్లో ఫ్లైట్ ఇంజనీరుగా చేసి రిటైరయ్యారు. ఆ జాకెట్టు గవర్నమెంటు ఇచ్చిందని చిన్నప్పుడు వీధంతా చాటాం.

ఆయన పోయిన మూడేళ్లకు, పిల్లల స్కూల్లో మాజీ సైనికుల వస్తువులు ప్రదర్శనకు అడిగితే దాన్ని బయటికి తీశాను. మా అక్క మొగుడు అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఇది బజారు సరుకు మరదలా. మావయ్యగారు మనందరి చెవుల్లో పువ్వులెట్టేరు."

ఒళ్లు మండిపోయింది. నాన్న అబద్ధం చెప్పే మనిషా! బావ నోరు మూయించి తీరాలనుకున్నాను. అత్తారింటి బెల్లం కొట్లో పాతికేళ్లుగా కూర్చుంటున్నదాన్ని. దిమ్మ మరీ పచ్చగా మెరిస్తే మందు కలిసిందేమోనని గోటితో గీరి చూస్తాను. ఈ జాకెట్టు తేల్చలేనా?

బేరాలు లేనప్పుడల్లా ఫోనులో ఫోటోలు చూశాను. సర్కారు ఇచ్చే వాటికి సోకులుండవు. మెడ దగ్గర సాదా చీటీ మీద సైజు, స్టోరు నంబరు, లోపల సిరా ముద్ర. ఎగరనివాళ్ల కోసం బజారుకు కుట్టిన వాటికే కంపెనీ పేరు మెరుస్తుంది, రెక్కల బొమ్మలుంటాయి.

నాన్నదానికి మెడ దగ్గర చీటీ లేదు, తెగిన దారాలున్నాయి. అయినా వదల్లేదు, బ్లేడు తెచ్చి అస్తరు విప్పాను. లోపలి కుట్టులో ఇంకో చీటీ ఉంది. దాని మీద ఏదో కంపెనీ పేరు, జరీ అక్షరాల్లో. బావ అన్నదే నిజమైంది.

అమ్మ వచ్చింది. "ఏటే, జాకెట్టు కోసేత్తన్నావు?"

చెప్పాను. ఏడుస్తుందనుకుంటే నవ్వింది.

"గవర్నమెంటుది రిటైరైనప్పుడే ఇచ్చీసేరే. పోయిందని రాయించి ఉంచీసుకోమని ఎవరో సెప్పినా ఇన్లేదు. తుడిసి, మడతెట్టి మరీ ఇచ్చీసొచ్చేరు. వారం రోజులు అన్నం సయించలేదు ఆయనకి. ఆ సలికాలం ఇది నేనే కొనిపెట్టేను. సీటీ మెడకి గీరుకుంటాందంటే కత్తిరించీసేను. అసలుదని ఆయనెప్పుడన్నారు? ఊరంతా సాటింది మీరే కదా!"

సిగ్గేసింది. అంతకు మించి గర్వంగానూ అనిపించింది. అసలుది ఇంట్లో దొరికి ఉంటే, అది ఇవ్వకుండా దాచుకున్నదని తెలిశాక నాన్నను ఏమనుకునేదాన్నో!

అస్తరు మళ్లీ కుట్టి స్కూలుకు పట్టుకెళ్లాను. పక్కన అట్ట మీద నా చేత్తోనే రాశాను: "ఇది బజారులో కొన్నది. అసలుది ఆయన తిరిగి ఇచ్చేశారు."

బావ రెండుసార్లు చదివాడు.

"ఇంకాస్త పెద్దక్షరాలతో రాయాల్సింది మరదలా" అన్నాడు.