పద్నాలుగు రోజులు ఆగాల్సిన పన్ను

అది నా ఉద్యోగంలో చివరి ఏడాది, మాఘమాసం. మండపేట చుట్టుపక్కల ఒక ప్రభుత్వ ఆసుపత్రిలో డిప్యూటీ డెంటల్ సర్జన్‌గా పనిచేస్తున్నాను. హోదాలో డిప్యూటీ అని ఉంది కాబట్టి దంత విభాగంలో నాపైన ఎవరో ఉండాలి. ఎవరూ లేరు. కింద మాత్రం ఒకరున్నారు. డాక్టర్ ప్రశాంతి, కాంట్రాక్టు మీద వచ్చిన అసిస్టెంట్ సర్జన్. ఏటా ఆమె కాంట్రాక్టు పొడిగించాలంటే ఆసుపత్రి అభివృద్ధి కమిటీ సిఫారసు చేయాలి. ఆ ఏటి సిఫారసు మరుసటి నెలలో రావాలి. కమిటీ చైర్మన్ వీరభద్రరావు గారు రైస్ మిల్లు యజమాని. ఈ కథలో పేషెంటు కూడా ఆయనే.

ఆయనకు షష్టిపూర్తి. ఆ సందర్భంగా కాకినాడలో ఒక ప్రైవేటు క్లినిక్‌లో పళ్లు తెల్లబరిపించుకున్నారు. తెల్లగానే వచ్చాయి, మిల్లులో మూడుసార్లు పాలిష్ పట్టిన బియ్యంలా. చిక్కొచ్చింది ముందు పన్నుతో. కుర్రతనంలో చెరుకు ఒలుస్తూ ఆ పన్ను మూల విరగ్గొట్టుకున్నారు. పన్నెండేళ్ల కిందట నేనే దానికి ఫిల్లింగ్ పెట్టాను. తెల్లబరిచే జెల్ పన్నుమీద పనిచేస్తుంది గానీ ఫిల్లింగ్ మీద పనిచేయదు. అందుకని పన్నంతా తెల్లబడి, నా ఫిల్లింగ్ మాత్రం పాత రంగులోనే, ఇప్పుడు పచ్చగా కొట్టొచ్చినట్టు కనిపిస్తోంది. దాన్ని మార్చడానికి రెండు వారాలాగి రమ్మని కాకినాడ క్లినిక్ చెప్పింది. ఆయన మర్నాడే మా దగ్గరికొచ్చారు. అక్కడ ఆయన పేషెంటు, ఇక్కడ చైర్మన్.

ఆ రెండు వారాలు ఎందుకో చెప్పాలి. తెల్లబరిచే జెల్ నుంచి వెలువడే ఆక్సిజన్ పన్ను పైపొరలో కొన్నాళ్లు నిలిచి ఉంటుంది. ఫిల్లింగ్‌ను పన్నుకు అంటించే బాండింగ్ ద్రవం నీలిరంగు కాంతి పడితే గట్టిపడుతుంది. ఆక్సిజన్ ఉన్నచోట అది పూర్తిగా గట్టిపడదు. పైకి అంతా సవ్యంగానే కనిపిస్తుంది, లోపల పట్టు ఉండదు. పన్ను రంగు కూడా ఆ రెండు వారాల్లోనే స్థిరపడుతుంది. ఇది దంతవైద్యం మూడో ఏడు చదివే వాళ్లకు తెలిసిన సంగతి. ముప్పై ఏళ్ల సర్వీసున్న నాకు కూడా తెలుసు.

ప్రశాంతి పరీక్ష చేసి, పాత ఫిల్లింగ్ గట్టిగానే ఉందని, దాన్ని కదపకుండా వేడుక కానిచ్చేసి పదిహేనో రోజున రమ్మని మర్యాదగా చెప్పింది.

"ఆయ్, వేడుక ఎల్లుండేనండి," అన్నారు చైర్మన్ గారు. "వీడియోవోళ్లు డ్రోను కూడా తెస్తున్నారు. పదిహేనో రోజున పన్ను ఎవరికి చూపించమంటారు, మిల్లులో హమాలీలకా?"

ఆమె ఆక్సిజన్ సంగతి మళ్లీ చెప్పింది. ఆయన ఓపిగ్గా విన్నారు. "అంతా బానే ఉందమ్మా. కానీ సిద్ధాంతి గారు పెట్టిన ముహూర్తం మారదు కదా. ఆక్సిజనే కాస్త సర్దుకోవాలి."

ఆ ఆక్సిజన్ను తొందరగా వదిలించడానికి ఒక మందు పూయొచ్చని, అయినా పట్టుకు పూర్తి హామీ ఉండదని ఆమె చెప్పింది. అది మా స్టోర్లో లేదు. ఇండెంటు పెడితే వచ్చేసరికి ఆయన మనవళ్లకు షష్టిపూర్తవుతుంది. ఆ మందు విటమిన్ సి జాతిదని తెలిసి ఆయన ఉత్సాహపడ్డారు. "నిమ్మకాయలైతే మా తోటలో బస్తాలకి బస్తాలున్నాయండి!" నిమ్మరసం పన్నును తినేస్తుందని ఆమె చెప్పాక ఇక ఆమెతో లాభం లేదనుకుని నావైపు తిరిగారు.

"డాక్టరు గారూ, మా ఆవిడ ముచ్చటండి ఇది. నలభై ఏళ్లలో నన్నేమీ అడగలేదు. ఫోటోలో నా పళ్లు బాగుండాలని అడిగింది."

నా భార్య మా షష్టిపూర్తికి నాలుగు నెలల ముందు పోయింది. అప్పటికి రెండేళ్లు కావస్తోంది. ఆయన అడిగినదానికి కాదనలేకపోయాను. ఇది కారణం మాత్రమే, సమర్థన కాదు. కేస్ షీటులో దీనికి గడి కూడా లేదు.

ప్రశాంతిని పక్కకు పిలిచి, "పెట్టెయ్యమ్మా, ఏం కాదు," అన్నాను.

"ఊడిపోతుంది సర్."

"నాలుగు రోజులుంటే చాలు. తర్వాత సరిచేద్దాం."

"గట్టిగా ఉన్నదాన్ని తీసి, ఊడిపోయేదాన్ని పెట్టమంటున్నారు సర్," అందామె. గొంతు పెంచలేదు. నేను గ్లవ్స్ డబ్బా ఆమెవైపు జరిపాను. ప్రభుత్వ ఆసుపత్రుల్లో చాలా ఆదేశాలు ఇలాగే జారీ అవుతాయి.

నియమం ప్రకారం చేయాల్సినవన్నీ ఆమె చేసింది. పాతది తొలిచి, యాసిడ్ జెల్ పూసి, కడిగి, బాండింగ్ రాసి, కొత్త ఫిల్లింగ్ పొరలు పొరలుగా పెట్టి, నీలిరంగు లైటు వేసింది. ఆ లైటు విరాళమిచ్చింది చైర్మన్ గారే. దానిమీద ఆయన పేరు స్టిక్కర్ ఎంత పెద్దదంటే, స్విచ్ కోసం కొంచెం వెతకాలి. కేస్ షీటు రాసి సంతకం పెట్టింది. అద్దంలో చూసుకుని చైర్మన్ గారు, "చూశావా అమ్మాయ్, ఆక్సిజన్ సర్దుకుంది," అన్నారు.

షష్టిపూర్తికి నేనూ వెళ్లాను. మొదటి వరసలో కూర్చోబెట్టారు. ఆయన భార్య మంగతాయారు గారికి రెండోసారి తాళి కట్టారు, అక్షింతలు పడ్డాయి. అంతవరకు పన్ను బాగానే నిలబడింది. తర్వాత ఒకరికొకరు మిఠాయి తినిపించుకోమన్నారు. మా ప్రాంతంలో మిఠాయి అంటే కాజా. మంగతాయారు గారు అందించిన మడతకాజాను ఆయన ముందుపళ్లతో కొరికారు. కాజా సగం ఆవిడ చేతిలో మిగిలింది. నా విభాగం ఫిల్లింగ్ ఆ సగానికి అతుక్కుని ఉంది. పన్నుకు అంటని వస్తువు పాకానికి ఎంత బాగా అంటిందో వేదిక పక్కన పెట్టిన పెద్ద తెరమీద ఊరంతా చూసింది.

"అయ్యో, ఇదేంటండీ, పన్నూడిందా?" అన్నారావిడ. మైకు ఆవిడ చేతి దగ్గరే ఉంది.

మర్నాడు ఆసుపత్రి సూపరింటెండెంట్ గారు సంజాయిషీ మెమో ఇచ్చారు. అంటే, మీ తప్పుకు కారణం రాసివ్వండి అని. అది నాకు కాదు, ప్రశాంతికి. కేస్ షీటులో సంతకం ఆమెది. సిఫారసు సమావేశం పది రోజుల్లో ఉంది. మెమో వచ్చిందని ఆ సాయంత్రమే నాకు తెలిసింది. ఆదివారం గడిచేదాకా నేనేమీ చేయలేదు. ఈలోగా చైర్మన్ గారి పన్నుకు ఆమె తాత్కాలిక సిమెంటు పెట్టి పంపింది. అది సున్నంలా తెల్లగా ఉంది.

సోమవారం ఆమె జవాబు నా బల్లమీదికొచ్చింది. కింది వాళ్ల సంజాయిషీ విభాగాధిపతి అభిప్రాయంతోనే పైకి వెళ్లాలి. ఆమె జవాబులో రెండే వాక్యాలున్నాయి. "పళ్లు తెల్లబరిచాక తగిన వ్యవధి ఇవ్వకుండా ఫిల్లింగ్ చేశాను. బాధ్యత నాది." నా పేరెక్కడా లేదు. సర్వీసులో నాకు మెమోలొచ్చాయి, ఆడిట్ అభ్యంతరాలొచ్చాయి, ఒకసారి పేషెంటు బంధువు చెయ్యి కూడా చేసుకున్నాడు. వీటిలో ఏదీ ఆ రెండు వాక్యాలంత గట్టిగా తగల్లేదు.

ఇలాంటి కాగితాల మీద 'పై అధికారికి సమర్పించడమైనది' అని రాసి తోసెయ్యడం ఆనవాయితీ. కలం తీసి ఆ మాటలే మొదలుపెట్టి, కొట్టేశాను. దాని కింద, "ఈమె వద్దన్నది. పేషెంటు ఎదుట ఒకసారి, నాతో ఒకసారి. చేయమని నోటిమాటగా ఆదేశించినది నేను," అని రాసి సంతకం పెట్టాను. సూపరింటెండెంట్ గారు నన్ను పిలిచి, రిటైర్మెంట్ ముందు ఇలాంటివి రికార్డుకెక్కించుకోవడమేంటండీ అని బాధపడ్డారు. ఆమె కాంట్రాక్టు గురించి బాధపడినట్టు లేదు. మెమో నా పేరు మీదికి మారింది.

కమిటీ సమావేశంలో చైర్మన్ గారు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునే మాట్లాడారు. ఫైలు చదివి వినిపించబోతే ఆపేశారు. "నాకు తెలీందేముందండి అందులో? ఆ అమ్మాయి వద్దన్నప్పుడు కుర్చీలో పడుకున్నది నేనే కదా. నోరు తెరిచి ఉంచారు గానీ చెవులు ముయ్యలేదుగా." పొడిగింపు సిఫారసు మీద మొదటి సంతకం ఆయనే చేశారు. నామీద మెమో సంగతి ఆయనెత్తలేదు, నేనూ గుర్తుచేయలేదు.

గడువు నిండాక ఆయన మళ్లీ వచ్చారు. నేను లేచి గ్లవ్స్ అందుకోబోతే, "మీరు కూచోండి డాక్టరు గారూ. మీకు మొహమాటం ఎక్కువ, పళ్లకది పడదు. అమ్మాయ్, నువ్వు రా," అన్నారు. ఆమె చేసింది. నేను రిటైరయ్యేనాటికి ఆ ఫిల్లింగ్ చెక్కుచెదరలేదు. ఆయన కాజాలూ మానలేదు. మెమో ముగింపులో నన్ను 'భవిష్యత్తులో జాగ్రత్తగా ఉండవలెను' అని హెచ్చరించారు. అప్పటికి నా సర్వీసులో మిగిలిన భవిష్యత్తు ఐదు నెలలు.

ఆ ఐదు నెలలూ ఒక పద్ధతి పాటించాను. నా కింది వాళ్లకు ఏం చెప్పదలిచినా ముందు కేస్ షీటులో నా చేత్తో రాసి, సంతకం పెట్టి, ఆ తర్వాత నోటితో చెప్పేవాణ్ని. రెండుసార్లు రాయబోతే చెయ్యి ఆగింది. ఆ రెండుసార్లూ నేను చెప్పబోయింది తప్పు. ఈ పద్ధతి ముప్పై ఏళ్ల ముందు మొదలుపెట్టాల్సింది.