సంత రోజు టైము

1998 వేసవి చివర నన్ను ఏడీఈగా, అంటే అసిస్టెంట్ డివిజనల్ ఇంజినీరుగా, పెదబయలు అవతల కొండల్లో ఉన్న ఒక సబ్‌స్టేషన్‌కి వేశారు. దాని పేరు చెప్పను. అక్కడ పనిచేసినవాళ్ళు ఇప్పటికీ పెన్షన్ తీసుకుంటున్నారు.

నేను వెళ్ళేసరికి కంట్రోల్ రూములో కొత్త కంప్యూటర్ ఒకటి కొలువుదీరి ఉంది. లైన్ ఎప్పుడు ఆపారు, ఎప్పుడు ఛార్జ్ చేశారు, అంటే కరెంటు ఎప్పుడు ఎక్కించారు, ఇవన్నీ ఆపరేటర్ అందులో కొడితే పక్కన టైము అదే వేసుకునేది. మధ్యలో ఆ ప్రోగ్రామ్ ఆపితే నల్లటి తెర వచ్చేది. దాని మీద టైమ్ అని ఇంగ్లీషులో కొట్టి ఎంటర్ నొక్కితే, ఇప్పుడు ఇంత అయిందని చూపించేది. చూపించి ఊరుకోదు. కొత్త టైము ఎంతో చెప్పమని కింద ఇంకో వరసలో అడిగేది. ఏమీ కొట్టకుండా ఎంటర్ నొక్కితే ఉన్నది ఉంటుంది. ఏదైనా కొడితే ఇక అదే టైము. టైము చూద్దామని వచ్చినవాడికి మార్చే హక్కు కూడా చేతిలో పెట్టే ఇంత మర్యాదస్తురాలిని మావాళ్ళ మధ్యకి పంపడం పైవాళ్ళ తప్పే.

ఉదయం షిఫ్టు రెండింటికి దిగాలి. ముంచింగిపుట్టు సంత రోజున అది కుదిరేది కాదు. సంతకొచ్చిన జనం చీకటి పడకుండా కొండలెక్కి ఊళ్ళు చేరాలి కాబట్టి మధ్యాహ్నానికే మూటలు కట్టేస్తారు. రెండింటికి బయల్దేరినవాడికి వాడిపోయిన ఆకుకూరే గతి. అందుకని ఆ రోజు జీపు పెందలాడే వచ్చి, రెండో షిఫ్టువాళ్ళని దింపి, మొదటి షిఫ్టువాళ్ళని ఎక్కించుకుపోయేది. సీనియర్ ఆపరేటర్ గంగరాజుకి లాగ్‌లో అబద్ధం రాయడం చచ్చినా ఇష్టం లేదు. ఒంటిగంటన్నరకి రెండు అని ఎలా రాస్తాడు? అందుకని టైమునే రెండు చేసేవాడు. ఆ తర్వాత రాసిందంతా నిజమే.

రెండో షిఫ్టుకి సత్యవతి అనే సబ్ ఇంజినీరు వచ్చేది. ఇంకా ప్రొబేషన్‌లో ఉన్న పిల్ల. కుర్చీలో కూర్చోగానే చేసే మొదటి పని ఆ టైముని వెనక్కి తెచ్చి సరిచెయ్యడం. "మేడమ్‌గారు రేడియోవోళ్ళకి కూడా టైము సెప్పగలరు" అని గంగరాజు వేళాకోళం చేసేవాడట. ఆయన ముందుకి తోసేవాడు, ఆమె వెనక్కి లాగేది. ఇదంతా నాకు తర్వాత తెలిసింది.

నేను చేరిన కొద్దిరోజులకే సర్కిల్ ఆఫీసు నుంచి సత్యవతికి మెమో వచ్చింది. లైన్‌మన్ బలరాం ఒక సంత రోజు లైన్ క్లియర్ తీసుకున్నాడు. లైన్ మీద మనిషి ఉన్నాడు, కరెంటు ఇవ్వకూడదు అని రాసిచ్చే అనుమతి అది. పని అయ్యాక దాన్ని తిరిగి ఇస్తేనే ఛార్జ్ చెయ్యాలి. పైకి వెళ్ళిన కంప్యూటర్ ప్రింటు చూస్తే, బలరాం తిరిగిచ్చింది రెండు దాటాక, సత్యవతి ఛార్జ్ చేసింది ఒకటీ నలభై అయిదుకి. కాగితం ప్రకారం బలరాం స్తంభం మీద ఉండగానే ఆమె కరెంటు ఇచ్చేసింది. దానికి ఉద్యోగం పోతుంది.

ఆమె సంజాయిషీ రెండు ముక్కల్లో రాసింది: మనిషి దిగాకే ఛార్జ్ చేశాను, కంప్యూటర్ టైము మార్చింది నేనే. ఎవరి పేరూ రాయలేదు. దాంతో రికార్డు తారుమారు చేసిందని రెండో అభియోగం కూడా తగిలించారు. నేను ఒక్కొక్కరినీ పిలిచి అడిగాను. అందరూ "నాకేటి తెల్దు సార్" అన్నవాళ్ళే. నాకు ఒళ్ళు మండిపోయింది. బలరాం మాత్రం, తను దిగి, కాగితం ఇచ్చేసి, సంతకెళ్ళి కోడిని కొనుక్కొచ్చానని చెప్పాడు. కోడి సాక్ష్యం చెల్లదు కదా.

ఇంకో సంత రోజున విచారణకి డివిజనల్ ఇంజినీరు, మేం డీఈ అంటాం, అరకు నుంచి వచ్చారు. ఆయన్ని తేవడానికి మా జీపే వెళ్ళింది. సాయంత్రం దాకా ఆయన సేవలోనే ఉంది. డీఈగారు కంట్రోల్ రూములోనే కూర్చున్నారు. గంగరాజు డ్యూటీలో ఉన్నాడు.

"టైము మార్చింది నువ్వేనా అమ్మా?"

"నేనేనండి. తప్పుగా ఉంటే సరిచేశాను."

"తప్పుగా పెట్టిందెవరు?"

సత్యవతి నేల చూసింది. మిగతావాళ్ళంతా మీటర్ల మీద ఎక్కడలేని శ్రద్ధ కనబరిచారు.

అప్పుడు గంగరాజు ప్రోగ్రామ్ ఆపాడు. డీఈగారి మోచేతి పక్కనే, నల్లటి తెర మీద టైమ్ అని కొట్టాడు. ఒకటీ ముప్ఫై చూపించి, కొత్తది ఎంతని అడిగింది. రెండు కొట్టి ఎంటర్ నొక్కాడు. డీఈగారు తన చేతి గడియారం చూసుకున్నారు, తెర చూశారు, మళ్ళీ గడియారం చూసుకున్నారు.

"ఏమిటయ్యా ఇది?"

"సంత రోజు కదండీ బాబూ. అలవాటుగా సెయ్యి ఎల్లిపోనాది."

డీఈగారు ప్రింటు తెప్పించుకుని, బలరాం కాగితం తిరిగిచ్చాడని గంగరాజు కొట్టిన వరసలో అరగంట తీసేసి చూశారు. బలరాం ముందు దిగాడు, కరెంటు తర్వాత వెళ్ళింది. సత్యవతి మీద అభియోగాలు రెండూ పోయాయి. గంగరాజుకి ఏడాది ఇంక్రిమెంటు ఆపారు. ఇక సంత రోజున షిఫ్టు ఒంటిగంటన్నరకే మారాలని ఆర్డరు వేశారు. ఇన్నాళ్ళూ గడియారాన్ని పీక్కుతిన్నది ఒక సంతకంతో వచ్చే అరగంట కోసమన్నమాట.

ఆ రోజు విచారణ ముగిశాక సత్యవతి టేబులు సర్దుకుంటూ, "నేను టైము ముట్టుకోకుండా ఉండుంటే ఏ గొడవా ఉండేది కాదు కదండీ సార్" అంది. మరుసటి నిమిషంలో తెర మీది రెండుని చెరిపి సరైన టైము పెట్టింది.

ఒక సంగతి నాకు ఆలస్యంగా తట్టింది. ఆ రోజు జీపు లేదు. సంతకి వెళ్ళేవాడే లేడు. మరి చెయ్యి ఎందుకు వెళ్ళినట్టు? కొన్నాళ్ళకి టీ దగ్గర గంగరాజుని అదే అడిగాను. ఆయన గ్లాసు కింద పెట్టి, "ఆ మిషను అడుగుతాది కదా సార్, కొత్త టైము ఏటని. అంతమందిలో అడిగితే సెప్పకపోతే బాగోదు" అన్నాడు.

ఆ తర్వాత సర్వీసులో నేను చాలా విచారణలు చేశాను. టైము ఎవరు మార్చారని ఎప్పుడూ ముందు అడగలేదు. ఎంత నుంచి ఎంతకి మార్చారని అడిగేవాణ్ణి. మార్చింది నేనేనని ఒప్పుకున్న మనిషి చాలాసార్లు సరిచేసిన మనిషే అయ్యేది.