అబ్బాగారి నడుం నొప్పి

ఆ పోస్టాఫీసులో పోస్ట్‌మాన్ అబ్బాగారికి ఒక్కటే అలవాటు: మూలగడం. కవరు తీస్తే "అబ్బా", కట్ట కడితే "అమ్మా", సంచి భుజాన వేసుకుంటే వీధి చివరి కుక్క కూడా ఉలిక్కిపడి లేచేంత "అయ్యో నా నడుమో". స్టాంపు తడిపేటప్పుడు కూడా మూలిగాడని కౌంటరు గుమాస్తా ఒట్టేసి చెబుతాడు. కన్నవాళ్ళు పెట్టిన పేరు హాజరు వేసేటప్పుడు తప్ప ఎవరికీ గుర్తు రాదు.

కొత్తగా వచ్చిన పోస్ట్‌మాస్టరమ్మ మొదటిరోజే ఆ మూలుగు విని గదిలోంచి పరుగెత్తుకొచ్చింది.

"ఏమైంది? ఎవరికి దెబ్బ తగిలింది?"

"ఎవరికీ తగల్లేదు మేడం. ఆయన కుర్చీలోంచి లేచారంతే," అన్నాడు గుమాస్తా.

అందరికీ సమానమైన సంచి అన్నది ఆవిడ పద్ధతి. కుర్రాళ్ళకెంతో, రిటైర్మెంటు దగ్గరపడ్డ పెద్దాయనకీ అంతే. పెద్దాయన నోరెత్తేవాడు కాదు. పళ్ళు బిగించి సంచి తగిలించుకుని వెళ్ళిపోయేవాడు. "ఆయన్ని చూసి నేర్చుకోండి," అనేది ఆవిడ అబ్బాగారితో.

"సంచులు సమానంగా పంచారు మేడం, బానే ఉంది. వయసు సమానంగా పంచలేదుగా!"

"మీకు యాభయ్యేగా?"

"నాకు యాభై మేడం. నా నడుముకి డెబ్బై."

ఇంతలో పార్సిళ్ళు పెరిగాయి. జనం గడప దాటకుండా చెప్పులూ, కుక్కర్లూ, ఇస్త్రీ పెట్టెలూ తెప్పించుకోవడం మొదలుపెట్టారు. దానికి తగ్గట్టే మూలుగూ పెరిగింది. ఒకరోజు అబ్బాగారు సంచి పక్కనే నేలమీద వెల్లకిలా పడుకుని, "నన్ను కూడా బట్వాడా చేసెయ్యండి, మా ఆవిడ పేరు మీద," అన్నాడు. అందరూ మూగారు. పోస్ట్‌మాస్టరమ్మకి ఒళ్ళు మండిపోయింది.

"ఏమిటీ నాటకం? ఇందులో ఏముందని?" అంటూ ఒంటిచేత్తో సంచి ఎత్తబోయింది. సంచి కదల్లేదు. రెండు చేతులూ వేసింది. ఈసారి సంచి లేచింది కానీ, ఆవిడ పక్కకి ఒరిగి పార్సిళ్ళ గుట్టమీద కూలబడింది.

ఎవరూ నవ్వలేదు. ఆవిడ ఆ సంచివంకే చూస్తూ, "దీన్ని మోసుకుంటూ మేడలెక్కుతున్నారా?" అంది, మెల్లగా.

ఆ వారమే పై అధికారులతో పోట్లాడి కొత్త పద్ధతి తెచ్చింది. యాభై నిండినవాళ్ళకి సగం సంచి. బరువైన పార్సిళ్ళు ఆటోలో. మేడలుంటే కిందనుంచి పిలవాలి, ఇంటివాళ్ళే దిగిరావాలి.

"నాకెందుకివన్నీ? ఏదో ఆ మూలుగులాడి కోసం పెట్టారు కాబట్టి..." అని గొణుగుతూనే పెద్దాయన సగం సంచి తగిలించుకున్నాడు.

ఒక ఆదివారం పొద్దున, పోస్ట్‌మాస్టరమ్మ ఉండే మేడ మెట్లమీద ఓ చెక్క బీరువా తనంతట తానే ఎక్కుతూ కనిపించింది. కింద చూస్తే రెండు కాళ్ళున్నాయి. వెనకనుంచి ఈలపాట. మూడో అంతస్తులో బీరువా దిగింది. దాని వెనక అబ్బాగారు, చెమటచుక్కైనా లేకుండా!

"మా చెల్లెలు ఇల్లు మారుతోంది మేడం..." అని నసిగాడు.

"అది సరే. నడుం ఎక్కడికి మారింది?"

అబ్బాగారు మెట్టుమీద చతికిలబడి గొంతు తగ్గించాడు. "మీరు రాకముందు సంగతి మేడం. పెద్దాయన సంచితో మెట్లెక్కుతూ పడిపోయాడు. నేనే లేవదీశా. 'ఎవరితోనైనా అన్నావో, జన్మలో నీతో మాట్లాడను' అన్నాడు. బరువు తగ్గించమంటే ముసలాడు పనికిరాడంటారని భయం. ఆయనేమో మూలగడు. ఎవరో ఒకళ్ళు మూలగాలి కదా! కావాలంటే నా సంచి నాకు నిండుగా ఇచ్చెయ్యండి."

"అక్కర్లేదు. యాభై నిండాక ఎవరికైనా అదే న్యాయం," అందావిడ. ఇంకేదో అనబోయి, నవ్వు ఆగక ఇంట్లోకి వెళ్ళిపోయింది.

మర్నాడు ఆఫీసు వెనకగదిలోంచి పెద్ద కేక. ఆవిడ పరుగెత్తింది. బల్లమీద అబ్బాగారు బోర్లా పడి ఉన్నాడు. పెద్దాయన మోచెయ్యి అతని నడుంలో దిగబడి ఉంది.

"వీడి బాధ చూడలేకపోతున్నాను మేడం. కుర్రతనంలో కుస్తీలు పట్టేటప్పుడు నేర్చుకున్న మర్దన. ఇక రోజూ చేస్తా," అన్నాడు పెద్దాయన, చేతికి మళ్ళీ నూనె రాసుకుంటూ.

"రోజూనా!" అన్నాడు అబ్బాగారు. కాపాడమన్నట్టు ఆవిడవైపు చూశాడు.

"మెడ దగ్గర కూడా కాస్త గట్టిగా పట్టండి పెద్దాయనా," అని ఆవిడ తలుపు దగ్గరగా వేసేసింది.