గైడులో నాన్న

ఇంట్లో బెల్లం పాకం పట్టిన రోజున అందరికీ నోరూరుతుంది. నాకు మాత్రం అరచెయ్యి చురుక్కుమంటుంది.

అప్పుడు చోడవరంలో ఏడో తరగతి చదువుతున్నాను. ఇంగ్లీషు మాస్టారు 'మా నాన్న' అనే వ్యాసం రాయమన్నారు. మా నాన్న చెరకు రసం కాచి బెల్లం వండేవాడు. వచ్చిన నాలుగు మాటలూ కూడదీసుకుని, మా నాన్న బెల్లం వండుతాడు, చేతులు కాల్చుకుంటాడు అని ఇంగ్లీషులో రాశాను.

"ఇది గైడులో ఉందేట్రా?" అని మాస్టారు బెత్తం అందుకుని అరచేతి మీద కొట్టారు. గైడులో నాన్న డాక్టరు. క్లాసులో అందరి నాన్నలూ డాక్టర్లే. మన సంగతులు ఇంగ్లీషులో చెప్పకూడదు కాబోలు అనుకున్నాను.

సాయంత్రం గైడు బట్టీ పడుతుంటే నాన్న పక్కన కూర్చున్నాడు.

"ఏటి సదువుతన్నావు బాబూ?"

"మా నాన్న అనే వ్యాసం."

"నా గురించే! గట్టిగా సదువు."

"మై ఫాదర్ ఈజ్ ఎ డాక్టర్..."

ఆ ఒక్క మాట నాన్నకి తెలుసు. "డాక్టరెవుడ్రా?"

"నాన్న."

"అయితే నాను కాదులే," అంటూ ఒంటికంటిన పాకం కడుక్కోవడానికి నూతి దగ్గరికి వెళ్లిపోయాడు.

పరీక్షలో ఆ వ్యాసమే వచ్చింది. మంచి మార్కులే పడ్డాయి. ఎన్నని నాన్న అడగలేదు.