సున్నపు మంచు, ఉన్ని మేజోళ్లు

నా చిన్నప్పుడు ఒకసారి నరసరావుపేటలో మంచు కురిసింది. ఈ మాట అంటే మా మనవరాళ్లు నవ్వుతారు. ఆ మంచు పిడుగురాళ్ల బట్టీల నుంచి లారీలో వచ్చిన సున్నం పొడి. కురిపించినవారు మా ఊరి ప్లీడరుగారు. ఆయనకు నాటకాల పిచ్చి. ఆ పిచ్చికి సరిపడా బుద్ధి మాత్రం దేవుడు ఇవ్వలేదు.

చైనా యుద్ధం ముగిసిన మరుసటేడు అది. మా వీధి నుంచి ఇద్దరు కుర్రాళ్లు పట్టాళంలో చేరితే ఒకడే తిరిగొచ్చాడు. వచ్చినవాణ్ని మేమంతా మిలటరీ అన్న అనేవాళ్లం. రానివాడు మా పక్కింటి టీచరమ్మ కొడుకు. టీచరమ్మ మిషన్ స్కూల్లో చిన్న తరగతులకు చెప్పేది. భర్త ఎప్పుడో పోయాడు. ఉన్నది ఆ ఒక్క కొడుకే.

మిలటరీ అన్న తను చూసిందంతా రాసి సన్నటి పుస్తకంగా అచ్చేయించాడు. ఒక ప్రతి గ్రంథాలయానికి ఇచ్చాడు. అప్పటికి నేను పిల్లల బీరువా పూర్తిచేసి, మా నాన్న పేరున ఉన్న కార్డుతో పెద్దవాళ్ల బీరువా మీద పడ్డాను. బడిచదువు నాకు ఎక్కువ సాగలేదు. నాకున్న చదువంతా ఆ బీరువాలు పెట్టిన భిక్షే. ఆ సంగతి ఇవాళ్టికీ గర్వంగానే చెప్పుకుంటాను. పుస్తకం రాగానే మొదట తెచ్చుకుని చదివింది కూడా నేనే.

టీచరమ్మకు అన్న ఒక ప్రతి ప్రత్యేకంగా తెచ్చిచ్చాడు. ఆమె దాన్ని తెరవలేదు. ఒకనాడు సాయంత్రం నన్ను పిలిచి, "నా కళ్లతో చదవలేనమ్మా. నువ్వు చదువు, వింటాను" అంది. ఆమె అరుగు మీద కూర్చుని నా చదువు గొప్పంతా చూపించుకోబోయాను. గొంతు ఎత్తి, దించి, ఏడుపు వచ్చే చోట గొంతు వణికించాను. ఆమె చెయ్యెత్తి ఆపింది.

"ఏమే, రాగం తీయమాక. ఆ అబ్బాయి ఎట్టా రాశాడో అట్టా చదువు."

నాకు మండింది. అయినా మామూలుగా చదివాను. ఆమెకు కావలసిన పేజీ ఒక్కటే. వాగు దాటేటప్పుడు అన్న మేజోళ్లు తడిసిపోతే, ఆమె కొడుకు తన కాళ్లవి విప్పి ఇచ్చాడనీ, నాకు చలి ఆనదులేరా అన్నాడనీ, ఆ రాత్రి అన్న కాపలా వంతు కూడా అతనే కాశాడనీ, తెల్లవారి చూస్తే తుపాకి ఒళ్లో పెట్టుకుని కూర్చునే ఉన్నాడనీ, పిలిస్తే పలకలేదనీ అన్న రాశాడు. అంతే. ఆ పేజీలో ఒక్క ఆశ్చర్యార్థకం లేదు. ఆ పేజీ నాచేత ఎన్ని సాయంత్రాలు చదివించుకుందో! ఆ మేజోళ్లు కూడా అన్న తెచ్చిచ్చాడు. ఆమె వాటిని ఉతకలేదు. బైబిలు పక్కన పెట్టుకుంది.

అదిగో, అప్పుడు ప్లీడరుగారికి ఆ పుస్తకం దొరికింది. దొరికింది అంటున్నాను గానీ ఆయన దాన్ని చదివారని నేను నమ్మను. అట్ట చూసి ఉంటారు. దాన్ని నాటకం ఆడిస్తానంటే, తన స్నేహితుడి సంగతి ఊరందరికీ తెలుస్తుందని మిలటరీ అన్న సంతోషంగా సరే అన్నాడు.

ఆ నాటకంలో ఇరవయ్యేళ్ల సిపాయి వేషం ప్లీడరుగారే కట్టారు. ఆయన పొట్టకు సరిపడే ఖాకీ చొక్కా ఊళ్లో దొరక్క రెండు చొక్కాలు కలిపి కుట్టించారు. శత్రుసేనాని వేషం, ఎప్పుడూ రాక్షస వేషాలు కట్టే మేస్త్రీకి ఇచ్చారు. అతను తన పాత వికటాట్టహాసాన్నే హిమాలయాలకు మోసుకెళ్లాడు. కొండ మీద ఒక నాట్యకత్తె. సిపాయికి పద్యాలు, చావుకు పెద్ద పద్యం. ఇక నాటకమన్నాక హాస్యం ఉండాలి కదా! హాస్యానికి ఎవరున్నారు? సిపాయి స్నేహితుడున్నాడు. వాణ్ని పిరికివాణ్ని చేశారు. తుపాకి మోగితే దుప్పటి ముసుగేసుకుని పారిపోయే వేషం. అది టీచరమ్మ కొడుకేనని గుర్తుపట్టడంలో పొరపాటు పడకుండా మెడలో సిలువ కూడా వేశారు.

రిహార్సలు చూసి మిలటరీ అన్న నేరుగా ప్లీడరుగారి దగ్గరికి వెళ్లాడట. ఆ మాటలు మా వీధిలో చానా కాలం తిరిగాయి.

"వాడు పారిపోలేదండీ. నా బదులు చనిపోయాడు."

"చలికి చస్తే చూసేదేంది అబ్బాయ్? టిక్కెట్టు కొన్నోడు ఊరుకుంటాడా?"

"అక్కడ మేం పద్యాలు పాడలేదండీ. నోరు తెరిస్తే పళ్లు కొట్టుకునేవి."

"ఒరేయ్, యుద్ధం నీకు తెలుసు, నాటకం నాకు తెలుసు. గోడలకి పోస్టర్లు కూడా అంటించాం. ఇంక పో."

నాటకం ఇంకా ఆడకముందే పిల్లకాయలు టీచరమ్మ ఇంటి ముందు దుప్పటి కప్పుకుని పరుగెత్తడం మొదలుపెట్టారు. మా ఊళ్లో ఒకసారి పేరు పడితే తరాలు పోయినా పోదు. కొడుకును ఎలాగూ మట్టి చేశారు, ఇప్పుడు వాడి పేరును కూడా చేస్తున్నారు. మిలటరీ అన్న వచ్చి అరుగు కింద నిలబడి తలెత్తలేకపోయాడు. ఆమె, "నాటకానికి నువ్వూ రా అబ్బాయ్" అంది, అంతే.

పెద్దమనుషులు ఎక్కువసేపు మేలుకోలేరని పొద్దుగూకకముందే తెరెత్తారు. టీచరమ్మ చేతిసంచీతో వచ్చి నా పక్కన కూర్చుంది. మా నాటకాలకు రెండు ఆచారాలుండేవి. పద్యం నచ్చితే జనం 'వన్స్‌మోర్' అని అరుస్తారు, చచ్చిన నాయకుడైనా లేచి మళ్లీ పాడి మళ్లీ చావాలి. రెండోది చదివింపులు. నటుడికి కానుక ఇచ్చేవాళ్లు చీటీ రాసి పంపితే ఆట ఆపి మైకులో చదువుతారు. మా ఊళ్లో అవి చదివేది రైసుమిల్లు గుమస్తా. కంచుగంట లాంటి గొంతు. చీటీలో ఏముందో ముందుగా చూసుకునే అలవాటు మాత్రం లేదు. ఒకసారి శోకరసం మధ్యలో, ఎవరిదో గేదె తప్పిపోయిందన్న చీటీని కూడా "నటనకు మెచ్చి" అంటూ మొదలుపెట్టి చదివిన మహానుభావుడు.

చివరి రంగంలో పైనుంచి సున్నం పొడి చల్లారు. చెమట ఒంటికి సున్నం తగిలితే మండుద్దని పల్నాట్లో పుట్టిన పసిగుడ్డుకైనా తెలుసు. ప్లీడరుగారికి తెలియలేదు. హిమాలయాల్లో ఆయన వీపు గోక్కుంటూ చనిపోయారు. జనం వన్స్‌మోర్ అన్నారు. లేచి, తుమ్మి, మళ్లీ పాడి మళ్లీ చనిపోయారు. ఈసారి కళ్లలో కూడా సున్నం పడింది. మధ్యలో పిరికివాడు దుప్పటితో పారిపోతుంటే ముందు వరస పెద్దమనుషులు పొట్టలు పట్టుకుని నవ్వారు.

అప్పుడు టీచరమ్మ సంచీలోంచి మేజోళ్లూ, తన గుండ్రటి పలక అక్షరాలతో రాసిన చీటీ తీసి నా చేతికిచ్చింది. "ఇయ్యి పైన ఇచ్చిరా" అంది. నేను ఇచ్చి వచ్చాను.

గుమస్తా తన కంచుగంట గొంతు మోగించాడు. "మన ఊరి వాస్తవ్యురాలు, మిషన్ స్కూలు టీచరుగారు, తన కొడుకు వేషానికి మెచ్చి సమర్పించు ఉన్ని మేజోళ్లు ఒక జత!" జనం గొల్లున నవ్వారు. ఆ ఊపులోనే అతను తర్వాతి వాక్యం అందుకున్నాడు. "వాగు దాటేటప్పుడు స్నేహితుడి మేజోళ్లు తడిస్తే, నా కొడుకు ఇవి విప్పి అతనికి ఇచ్చాడు." గొంతు కాస్త దిగింది. "ఆ రాత్రి అతని కాపలా కూడా కాశాడు." ఇంకా దిగింది. "తెల్లవారేసరికి తుపాకి ఒళ్లో పెట్టుకుని కూర్చునే చనిపోయాడు. వాడు పారిపోలేదు."

వెనక వరసలో మిలటరీ అన్న లేచి నిలబడ్డాడు. "ఆ మేజోళ్లు తొడుక్కుంది నేనేనండీ" అన్నాడు.

ప్లీడరుగారికి కళ్లు కనబడవు. చెవులుండీ మాటలు ఎక్కవు. తన పేరున చదివింపు వచ్చిందనుకుని చావు నుంచి లేచి కూర్చుని, మైకు వైపు తిరిగి రెండు చేతులూ జోడించి వినయంగా వంగి వంగి దణ్ణాలు పెట్టారు. ఆయనకు చప్పట్లు కొట్టినవాళ్లు లేరు. పిరికివాడి వేషం కట్టిన హోటలు కుర్రాడు మాత్రం మెడలోని సిలువ తీసి, దుప్పటి మడతపెట్టి, వేదిక మూల పెట్టి దిగిపోయాడు.

అప్పుడు నేల మీద కూర్చున్న రొంపిచెర్ల రైతు ఒకాయన, "అబ్బాయ్ గుమస్తా, అది మళ్లా ఒకసారి చదువయ్యా" అన్నాడు. వెనక ఇంకెవరో "వన్స్‌మోర్" అన్నారు, అరవకుండా, మామూలు గొంతుతో. గుమస్తా చీటీని దీపం దగ్గరికి జరుపుకుని మళ్లీ చదివాడు. ఈసారి గొంతులో గంట మోగలేదు.

టీచరమ్మా నేనూ కలిసి ఇంటికి నడిచాం. మా వీధి మలుపులో, "రెండోసారి బాగా చదివాడే" అంది. మర్నాటి నుంచి ఆ ఇంటి ముందు దుప్పటి ఆటలు ఆగిపోయాయి. ప్లీడరుగారు మాత్రం ఆ నాటకం తన జీవితంలోకెల్లా పెద్ద విజయమని, చప్పట్లు కొట్టడం కూడా మరిచిపోయేంతగా జనాన్ని కదిలించానని, బతికినన్నాళ్లూ చెప్పుకున్నారు.

ఆ తర్వాత నేను గ్రంథాలయంలో ఎన్నో బీరువాలు దాటాను. ఇప్పటికీ ఏదైనా పుస్తకం నన్ను ఏడిపించిందంటే వెంటనే నమ్మను. ఆ పేజీని రాగం లేకుండా, అరుగు మీద కూర్చున్న ఒక తల్లికి వినిపిస్తున్నట్టు, పైకి మళ్లీ చదువుతాను. రెండోసారికి నిలిస్తే ఇంట్లో ఉంచుకుంటాను. నిలవకపోతే, ఎంత పెద్ద పేరున్న రచయితదైనా సరే, సున్నం దులుపుకుని తిరిగి ఇచ్చేస్తాను.